ఒకే కారుకు చోటుంటే ఏది ఉంచుకోవాలి? 1970 ఎంజీబీనా, ఇప్పుడున్న స్విఫ్టా?

ఒంటి_గ్యారేజీ అడిగిన ప్రశ్న:

నా దగ్గర 2021 స్విఫ్ట్ ఉంది. 1197 సీసీ పెట్రోలు ఇంజిను, 90 హార్స్‌పవర్, చేత్తో మార్చే అయిదు గేర్లు. ఆఫీసుకు తీసుకెళ్తుంది, తీసుకొస్తుంది. ఇంతవరకు నన్ను ఒక్కసారి కూడా దారి మధ్యలో దింపలేదు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ప్రేమా లేదు, అసలు గొడవ అదే.

మా మేనమామ దగ్గర 1970 నాటి ఎంజీబీ ఉంది, పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, టాపు విప్పే రకం. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. అందులోకి ఎలాగో దిగుతున్నారు కానీ పైకి లేవాలంటే ఎవరైనా చేయి అందించాలి. "నువ్వు తీసుకుంటావా, లేదంటే ఎవరికైనా ఇచ్చేయనా" అని అడిగారు. పోయిన ఆదివారం ఇరవై నిమిషాలు నడిపి చూశాను. దిగేసరికి నవ్వి నవ్వి దవడలు నొప్పి పుట్టాయి.

మా ఇంట్లో ఒక్క కారుకే చోటు. కాబట్టి ఇది తీసుకుంటే అది అమ్మాలి. రాత్రంతా కూర్చుని లెక్కలు వేశాను. చిత్రమేమిటంటే కాగితం మీద రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. ఎంజీబీ 95 హార్స్‌పవర్, స్విఫ్ట్ 90. బరువు రెండూ 900 కిలోలకు కాస్త అటూ ఇటూ. ఎంజీబీ పొడవు 3.89 మీటర్లు, స్విఫ్ట్ 3.84. రెండింటికీ ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి రెండింటికీ పన్నెండు సెకన్ల చుట్టుపక్కలే పడుతుంది.

అంకెలు ఇంత దగ్గరగా ఉన్నప్పుడు రోజువారీ పనికి ఎంజీబీ ఎందుకు పనికిరాదు? "అది పాత బండి కదా" అని తీసిపారేయకుండా, నిజంగా నడిపినవాళ్ళు చెప్పండి.

రెండు_తాళంచెవులు జవాబు:

నా దగ్గర పదకొండేళ్ళుగా 1966 ఎంజీబీ ఉంది. అందులో పద్నాలుగు నెలలు ఇంట్లో అదొక్కటే కారు. మీ ప్రశ్న చదువుతుంటే ఆ పద్నాలుగు నెలలకు ముందు రోజు రాత్రి నేను రాసుకున్న ఉత్తరంలా అనిపించింది. కాకపోతే మీ లెక్కలు నా లెక్కల కన్నా శుభ్రంగా ఉన్నాయి.

వాటిలో ఒక్క అంకె వదిలేశారు. టార్క్, అంటే ఇంజిను చక్రాలను తిప్పే బలం. ఎంజీబీలో ఉన్నది 1798 సీసీ ఇంజిను. అది 3000 ఆర్‌పీఎం దగ్గరే 149 న్యూటన్ మీటర్ల దాకా ఇస్తుంది. మీ స్విఫ్ట్ ఇచ్చేది 113, అదీ 4400 దగ్గర. అందుకే ఎంజీబీని మూడో గేరులో పెట్టి మరిచిపోయినా కిందినుంచి ఒక ఎద్దు లాగినట్టు లాగుతుంది. దానికి తోడు కూర్చునే ఎత్తు. నడుము రోడ్డుకు ఎంత దగ్గరగా ఉంటుందంటే, తలుపు మీద నుంచి చేయి జారవిడిస్తే తారు తగులుతుందేమో అనిపిస్తుంది. పవర్ లేని స్టీరింగ్, పళ్ళ కడ్డీతో చక్రాలను నేరుగా తిప్పే ర్యాక్ అండ్ పినియన్ రకం. రోడ్డు మీద గులకరాయి ఎక్కినా అరచేతికి కబురు అందుతుంది. అరవై కిలోమీటర్ల వేగంలోనే వంద దాటినంత సంబరం. ఆదివారం మిమ్మల్ని పడేసింది ఇదంతా కలిసి. అందులో మోసం ఏమీ లేదు, పదకొండేళ్ళ తరువాత కూడా నాకు అలాగే ఉంటుంది.

మరి రోజూ నడిపితే ఏమవుతుందో చెబుతాను. పొద్దున బండి తీయడం దగ్గర మొదలుపెడదాం.

స్విఫ్ట్‌లో తాళం తిప్పుతారు, బండి పలుకుతుంది, మీ మనసు అప్పటికే ఆఫీసులో ఉంటుంది. ఎంజీబీలో తాళం సగం తిప్పి ఆగాలి. వెనక చక్రం వైపు నుంచి పెట్రోలు పంపు శబ్దం వినిపిస్తుంది. టిక్ టిక్ టిక్ అని గబగబా మొదలై, పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటర్ల గిన్నెలు నిండుతున్నకొద్దీ నెమ్మదించి, చివరికి ఆగిపోతుంది. ఆగిందంటే పెట్రోలు చేరినట్టు. ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటే ఎక్కడో కారుతోందనో, ట్యాంకు ఖాళీ అనో అర్థం. అసలు మొదలే కాకపోతే దిగి, వెనక్కి వెళ్ళి, పంపు మీద పానా పిడితో చిన్నగా ఒకటి తట్టాలి. నవ్వకండి, నేను మూడు వారాలు బండి కదపకుండా వదిలేసిన ప్రతిసారీ చేసిన పని ఇదే. ఆ తరువాత చల్లటి ఇంజినుకు పెట్రోలు ఎక్కువ అందించే చోక్ పూర్తిగా లాగి సెల్ఫ్ కొట్టాలి. అందుకోగానే చోక్‌ను సగానికి నెట్టి, ఇంజిను వేడెక్కేదాకా రెండు మూడు నిమిషాలకోసారి కొంచెం కొంచెంగా లోపలికి పంపాలి. త్వరగా నెట్టేస్తే ఆగిపోతుంది. మరిచిపోయి వదిలేస్తే ప్లగ్గులు నల్లగా మసిబారుతాయి.

ఆదివారం పూట ఇదంతా ఎంత హాయిగా ఉంటుందో మాటల్లో చెప్పలేను. తొమ్మిది గంటలకు ఎక్కడో ఉండాల్సిన మంగళవారం పూట ఇదే పని చేసి చూడండి. మూడో నెలకు నాలో ఒక మార్పు వచ్చింది. మొదట్లో ఆ టిక్ టిక్ వింటే ముచ్చటేసేది. తరువాత్తరువాత, ఇవాళ ఆగుతుందా ఆగదా అని ఊపిరి బిగబట్టి వినడం మొదలైంది. దారిలో కొత్త శబ్దం ఏది వినిపించినా ముందు భయమే. ఎవరి చప్పుడు వింటే మనసు నిండేదో వాళ్ళ చప్పుడునే అనుమానంతో వినాల్సి రావడం కన్నా దరిద్రం ఇంకొకటి ఉండదు. నేను బండిని అమ్మేయాలని గట్టిగా అనుకున్నది ఆ పద్నాలుగు నెలల్లోనే. అంతకుముందు కానీ ఆ తరువాత కానీ ఒక్కసారీ అనుకోలేదు.

బండి చెడిపోయిందని కాదు. నిజానికి పెద్దగా చెడిపోలేదు. దారిలో ఆగింది రెండుసార్లు. ఒకసారి రేడియేటర్ గొట్టం క్లిప్పు నేనే సరిగా బిగించలేదు. ఇంకొకసారి ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల సందు మూసుకుపోయింది, రోడ్డు పక్కన ఫీలర్ గేజ్‌తో, అంటే సందు కొలిచే పలుచని రేకుతో, 15 థౌ పెట్టి పది నిమిషాల్లో బయలుదేరాను. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 15 థౌ అంటే 0.38 మిల్లీమీటరు. వాల్వుల దగ్గరి టప్పెట్ల సందుకూ అదే కొలత కాబట్టి ఒక్క అంకె గుర్తుంచుకుంటే చాలు, ఆ ఇంజిను తయారుచేసినవాళ్ళకు ఈ విషయంలో చేతులెత్తి దండం పెట్టాలి. ఇవేవీ కష్టమైన పనులు కావు. కానీ ఆ పని ఎప్పుడు చేయాలో మీరు నిర్ణయించరు, బండి నిర్ణయిస్తుంది.

ఇంకొకటి, అందరూ మరిచిపోయేది. సీట్లు రెండే. ఒక రాత్రి వానలో మా నాన్నగారికి ఒంట్లో బాగాలేక ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఆయనను పట్టుకుని కూర్చోవడానికి అమ్మ రావాలి, నడపడానికి నేను ఉండాలి. ముగ్గురం. పక్కింటివాళ్ళ తలుపు తట్టాను. వాళ్ళు విసుక్కోకుండా వచ్చారు, ఏ ఇబ్బందీ కాలేదు. కానీ వాళ్ళ కారులో వెనక సీటులో కూర్చుని నేను చేసిన ఆలోచనలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

భద్రత సంగతి మీరు అడగలేదు, అయినా చెబుతాను. అమెరికాలో బీమా సంస్థలు నడిపే రహదారి భద్రతా సంస్థ ఐఐహెచ్‌ఎస్, 2009లో తన యాభయ్యో ఏట ఒక పరీక్ష చేసింది. 1959 షెవ్రొలే బెల్ ఎయిర్‌నూ, 2009 మాలిబునూ గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా, కాస్త పక్కకు జరిపి ఢీకొట్టించింది. పాతది పెద్ద బండి, నిండా ఇనుము. దాని లోపలి గది నలిగిపోయింది, స్టీరింగ్ మనిషికి బదులు కూర్చోబెట్టిన బొమ్మ మీదికి దూసుకొచ్చింది. కొత్తదానిలో కూర్చున్నవాడికైతే కాలికి చిన్న దెబ్బతో సరిపోయేది. "పాత బండ్లు గట్టివి" అనే మాట నేను అప్పటినుంచి మానేశాను. ఎంజీబీ ఆ బెల్ ఎయిర్‌లో సగం బరువు కన్నా కాస్త ఎక్కువ ఉంటుందంతే. ఎయిర్‌బ్యాగు లేదు, ఏబీఎస్ లేదు, నా దానిలో బ్రేకులకు కాలి బలాన్ని పెంచే సర్వో కూడా లేదు. తడి రోడ్డు మీద ముందున్న కొత్త కారు టక్కున ఆగుతుంది, మనం ఆగం. కాబట్టి ముందు కారుకు రెండింతలు దూరంలో నడపాలి. ఆ ఖాళీలోకి ఎవరో ఒకరు దూరుతారు. మళ్ళీ వెనక్కి తగ్గాలి. ఆఫీసు వేళల్లో ఇదొక శిక్ష.

మీది 1970 నాటిది కాబట్టి నా కన్నా రెండు మెట్లు పైన ఉన్నారు. మొదటి గేరుకు కూడా గేరు మెత్తగా పడేలా చేసే సింక్రో ఉంటుంది, బ్యాటరీని ఛార్జ్ చేయడానికి డైనమోకు బదులు ఆల్టర్నేటర్ ఉంటుంది. ఆ రెండూ 1967 చివర వచ్చాయి. నా దానిలో బండి పూర్తిగా ఆగకుండా మొదటి గేరు వేస్తే ఇనప డబ్బాలో మేకులు గిలకరించినట్టు అరుస్తుంది. మీ మామయ్యగారి బండికి ఓవర్‌డ్రైవ్, అంటే వేగంలో ఇంజిను తక్కువ తిరిగేలా చేసే అదనపు గేరు, ఉందో లేదో చూడండి. అది లేకపోతే వంద కిలోమీటర్ల వేగంలో ఇంజిను 3500 దగ్గర తిరుగుతుంది. గంటసేపు అలా వెళ్తే దిగిన తరువాత కూడా చెవుల్లో హోరు పోదు.

నా మాట: స్విఫ్ట్‌ను అమ్మకండి. ఎంజీబీని ఉంచుకోగలిగితే వేరే ఎక్కడైనా చోటు వెతకండి. తెలిసినవాళ్ళ షెడ్డయినా సరే, వారానికోసారి వెళ్ళి తీయగలిగే దూరంలో ఉంటే చాలు. నేను చేసిందదే. పద్నాలుగు నెలల తరువాత ఒక మామూలు చిన్న కారు కొన్నాను, దాని రంగు కూడా నాకు సరిగా గుర్తుండదు. అది వచ్చిన నెలకే పంపు టిక్ టిక్ మళ్ళీ చెవికి ఇంపుగా వినిపించింది.

గ్రీజు_చేతులు జవాబు:

పై జవాబులో సగం ఒప్పుకుంటాను. రెండో సగం చదివితే ఈ బండ్లు గాజు సామాను అనుకుంటారు. 1962 నుంచి 1980 దాకా అయిదు లక్షలకు పైగా ఎంజీబీలు తయారయ్యాయి. అవన్నీ ఆదివారం షికార్లకే కొన్నారా? జనం వాటిలో ఉద్యోగాలకు వెళ్ళారు, చంటిపిల్లలను వెనక అరలో బుట్టలో పెట్టుకుని తిరిగారు. (ఇప్పుడు ఆ పని చేయకండి.) పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెడితే రెండు_తాళంచెవులు గారి భయాల్లో మూడో వంతు పోతుంది, డిస్ట్రిబ్యూటర్ మూత కిందే ఇమిడిపోతుంది, బయటికి కనిపించదు. ఇప్పటి పెట్రోలులో ఎథనాల్ కలుస్తోంది, అది పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. కాబట్టి పెట్రోలు గొట్టాలన్నీ కొత్త రకం వేయించాలి, ఇందులో బేరం లేదు.

విడిభాగాల విషయంలో ఎంజీబీదే పైచేయి అంటాను. 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ పాత అచ్చులతోనే మొత్తం బాడీలను కొత్తగా తయారుచేస్తోంది. ఇరవై ఏళ్ళ కిందటి మామూలు కారుకు కంప్యూటర్ పెట్టె పోతే దొరకడం ఎంత కష్టమో నన్నడగండి.

కానీ ఒంటి_గ్యారేజీ గారూ, మీరు ఇంజిను గురించే ఆలోచిస్తున్నారు. ఈ బండిని చంపేది ఇంజిను కాదు, తుప్పు. దీనికి విడిగా ఛాసిస్, అంటే కింది చట్రం, ఉండదు, బాడీయే ఛాసిస్. పైన టాపు లేదు కాబట్టి ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపి పట్టుకునేవి తలుపుల కింద ఉండే సిల్లులే, అంటే గొట్టంలాంటి ఇనుప దూలాలే. అవి లోపలినుంచి తుప్పు పడతాయి. పైన రంగు తళతళలాడుతూనే ఉంటుంది.

ఒక చిన్న పరీక్ష చేయండి. ముందుగా తలుపు తెరిచి మూసి, పైనా కిందా సందు ఎంతుందో వేలితో చూసుకోండి. తరువాత జాకీ పాయింటు దగ్గర ఒక పక్క బండిని ఎత్తండి. మళ్ళీ అదే తలుపు తెరవండి. మామూలుగా తెరుచుకుంటే మంచిది. సందు మారి తలుపు పట్టేస్తే, బండి నడుము వంగుతోందన్నమాట. జాకీ పాయింటే లోపలికి దిగబడిపోతే ఇక పరీక్ష అక్కర్లేదు. ఎత్తినప్పుడు కింద చేయి మాత్రం పెట్టకండి.

చిన్న_రోడ్‌స్టర్ జవాబు:

ఇద్దరూ నన్ను తిట్టుకుంటారని తెలుసు, అయినా మధ్యేమార్గం ఒకటి చెబుతాను. మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5. 1989లో వచ్చింది. 1.6 లీటర్ల ఇంజిను, ఎంజీబీతో సమానమైన బరువు, వెనక చక్రాలకు శక్తి, విప్పే టాపు. కార్బురేటర్‌కు బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ కాబట్టి చోక్ లేదు, పానాతో పంపును తట్టే పని లేదు. బ్రిటిష్ రోడ్‌స్టర్లను, అంటే టాపు విప్పే రెండు సీట్ల కార్లను, చూసి, వాటి సరదా ఉంచి సతాయింపు తీసేద్దామని కట్టిన బండి. సీట్లు రెండే, అది మాత్రం నేను మార్చలేను.

ఒంటి_గ్యారేజీ జవాబు:

అందరికీ ధన్యవాదాలు. చిన్న_రోడ్‌స్టర్ గారూ, మాట నిజమే కానీ ఎంఎక్స్-5 మా మామయ్య బండి కాదు. నా గొడవలో సగం అదేనని మీ జవాబు చదివాకే తెలిసింది.

నిన్న వెళ్ళి జాకీ పరీక్ష చేశాను. ఓవర్‌డ్రైవ్ ఉంది. కుడి పక్క తలుపు ఎత్తక ముందు ఎలా ఉందో ఎత్తాక కూడా అలాగే ఉంది. నాకు ధైర్యం వచ్చింది. ఎడమ పక్కకు వెళ్ళి ఎత్తాను. తలుపు అంగుళం తెరుచుకుని ఆగిపోయింది. గట్టిగా లాగితే పై అంచు దగ్గర రంగు పెచ్చు ఊడింది. మామయ్య కుర్చీలోంచి చూస్తూనే ఉన్నారు. ఏమీ అడగలేదు. కాసేపటికి "దించెయ్యరా" అన్నారు. దించాను. తలుపు చక్కగా తెరుచుకుంది.

ఆయనకు ముందే తెలుసేమో అనిపించింది.

స్విఫ్ట్ అమ్మే ఆలోచన మానుకున్నాను. ఎంజీబీని ప్రస్తుతం ఆయన షెడ్డులోనే ఉంచి, ఆదివారాలు నేను వెళ్ళి తీసేలా, ఎడమ సిల్లు నేను వేయించేలా మాట్లాడుకున్నాం. ఆయన పెట్టిన షరతు ఒక్కటే, బండి తీసినప్పుడల్లా ఆయన పక్క సీటులో ఉండాలట.

రెండు_తాళంచెవులు జవాబు:

ఆయన పక్కన కూర్చుంటే చోక్ ఎప్పుడు నెట్టాలో నేర్చుకోవడానికి మా సలహాలు అక్కర్లేదు. అన్నట్టు, దిగేటప్పుడు చేయి అందించడం మీ పనే.

గ్రీజు_చేతులు జవాబు:

సిల్లు కోసే ముందు తలుపు తీసేసి, తలుపు సందులో అడ్డంగా ఇనప కడ్డీ వెల్డింగ్ చేయించండి. ఆ కడ్డీ లేకుండా కోస్తే బాడీ ఆ వంకరలోనే బిగుసుకుపోతుంది, తరువాత ఏ తలుపు బిగించినా సరిపడదు. పని చేసే ఆయన "అవసరం లేదు" అంటే బండిని అక్కడినుంచి వెనక్కి తెచ్చేసుకోండి. కోసిన తరువాత లోపల ఎలా ఉందో ఫొటో పెట్టండి, కుడి పక్కది కూడా కింద నుంచి ఒకటి తీయండి. ఆ పక్క తలుపు బాగానే తెరుచుకుందని నాకు నమ్మకం కుదరలేదు.